మా అత్త సున్నం కొట్టిన వరద

ఇలా దగ్గరికి జరగండి. ఆ పీటకు ఒక కాలు పొట్టి, గోడకు ఆనించి కూర్చుంటే పడిపోదు. దూరంగా కూర్చుంటే మర చప్పుడులో నా మాట వినపడదు, మరీ దగ్గరైతే కారం ఘాటుకు తుమ్ములొస్తాయి. మధ్యలో ఎక్కడో సర్దుకోండి. వాగు మా ఇంటికి ఎలా వచ్చిందో, వచ్చిన వాగును రాలేదని మా అత్త ఎలా వాదించిందో, ఆ వాదన నచ్చక మా గోడ ఏం చేసిందో చెబుతాను. నేను అయిదో తరగతితో బడి ఆపేసినదాన్ని, తేదీలు అడగొద్దు. ఎవరు ఎక్కడ నిలబడి ఏమన్నారో అడగండి, పొల్లు పోకుండా చెబుతాను.

మాది మాచవరం మండలంలో వాగు ఒడ్డున ఉన్న ఊరు. ఊరంతా మెరక మీద ఉంటుంది. మా ఇల్లు ఒక్కటే ఊరితో అలిగినట్టు పల్లంలోకి దిగి కూర్చుంది. మా మామగారు ఆ స్థలం కొన్నప్పుడు ఊళ్ళో నవ్వని మనిషి లేడట. "వాగు పడుకునే చోటు కొన్నావు గదరా, అది ఇంటికొస్తే నువ్వేడ పడుకుంటావు" అని అడిగారట. ఆయన పలక్కుండా నాపరాళ్ళు తోలించి, అరుగు ఎత్తుగా కట్టించి, దాని మీద ఇల్లు లేపాడు. ముందు గదిలో మోకాలెత్తు దిమ్మె కట్టి, దాని మీద పిండిమర కూర్చోబెట్టాడు. ఇవన్నీ నేను కాపురానికి రాకముందు సంగతులు. నాకు నకరికల్లు నుంచి ఈ ఇంటికి వచ్చిన మొదటి వారంలోనే మా అత్త చెప్పిన మాట మాత్రం బాగా గుర్తు. "వాగు మన అరుగు తొక్కదే. మీ మామ కట్టిన అరుగు అది" అంది. వాగుకూ మామగారికీ మధ్య ఏదో ఒప్పందం ఉందని నేను చాలాకాలం నమ్మాను.

వాగు గురించి నేను చెడ్డగా చెప్పను. ఎండాకాలంలో మేకలు కూడా గిట్టలు తడవకుండా దాటుతాయి. దాని కష్టమంతా కృష్ణతోనే. కృష్ణ నిండుగా పారుతున్నప్పుడు మా వాగు పోయి కలుద్దామంటే అక్కడ చోటుండదు. విందుకు ఆలస్యంగా వెళ్ళిన చుట్టంలాగా గుమ్మం దగ్గర్నుంచే వెనక్కి తిరుగుతుంది. అలిగి తిరిగొచ్చేది మా వైపే. పైన వాన ఒక్కటే పడితే ఏమీ కాదు. కింద కృష్ణ ఒక్కటే నిండితే ఏమీ కాదు. రెండూ కలిసిన రోజే మా పని అయిపోతుంది. ఈ లెక్క నాకు ఇప్పుడు తెలుసు. అప్పట్లో మా లెక్క ఒక్కటే: ఇన్నేళ్ళు రాలేదు కాబట్టి ఇక రాదు. పక్కింటి ముసలాయన ఇన్నేళ్ళు చావలేదు కాబట్టి ఇక చావడు అన్నట్టు.

మామగారు పోయాక మా ఆయన క్వారీ పని మానేసి ఇంటికొచ్చాడు. అంతకు ముందు ఏళ్ళ తరబడి రాతి పొడిలో పనిచేశాడు. ఆ దుమ్ము ఆయన ఛాతీలో ఇంకా అద్దె కట్టకుండా కాపురం ఉంటోంది. పొద్దున లేచి ఆయన దగ్గడం మొదలుపెడితే గొడ్లు కూడా తలెత్తి చూస్తాయి. ఇక క్వారీ గడప తొక్కొద్దని డాక్టరు చెప్పాడు. అందుకే బ్యాంకులో అప్పు తీసుకుని, మామగారు కట్టిన దిమ్మె మీదే కొత్త కారం మర పెట్టాం. మోటారు తిరిగితే మేం తింటాం, మోటారు ఆగితే ఆయన మళ్ళీ రాళ్ళ దుమ్ములోకి పోవాలి. మూడో దారి లేదు.

అప్పు ఇచ్చే ముందు బ్యాంకు సారు ఒకాయన ఇల్లు చూడడానికి వచ్చాడు. మర చూశాడు, మీటరు చూశాడు, వాగు చూశాడు. వాగును కాస్త ఎక్కువసేపు చూశాడు.

"ఇక్కడికి నీళ్ళు వస్తాయా అమ్మా?" అని మా అత్తను అడిగాడు.

"ఎవురింటికి, మా ఇంటికా? ముందు ఆ ఎదురింటోళ్ళకి రావాల. ఆ తర్వాత పంచాయితీ ఆఫీసుకి రావాల. ఆళ్ళందరూ మునిగినాక గదా మా వంతు."

ఎదురిల్లు మా కప్పుకంటే ఎత్తులో ఉంది. సారు మెడ పైకెత్తి దాన్ని చూశాడు, మెడ దించి మా అత్తను చూశాడు.

"సరేనమ్మా. ఇన్సూరెన్సులో అగ్గితో పాటు వరద కూడా ఉంటుంది. మర మునిగితే డబ్బులొస్తాయి."

"పిలవని చుట్టానికి ముందే ఆకేసి పెట్టమంటావా నాయనా? ఆకు కనపడితే రానోళ్ళు కూడా వస్తారు."

సారుకు ఓపిక ఎక్కువ. మర గదిలోనే కూర్చుని కారం లెక్కలో చెప్పాడు. "ఊళ్ళో మీరంతా తలా చారెడు కారం తెచ్చి ఒక డబ్బాలో పోస్తారనుకోండి. ఏడాదిలో ఎవరి కారం తడిస్తే వాళ్ళకు అందులోంచి బస్తా నింపి ఇస్తారు. ఇన్సూరెన్సంటే అంతే."

మా అత్త ఆలోచించింది. "మరి నాది తడవకపోతే నా చారెడు నాకు తిరిగిస్తారా?"

"ఇవ్వరమ్మా."

"అయితే ఎవురిది తడిసిద్దో ఆళ్ళనే పోసుకోమను."

మా ఆయన తల్లి ముందు నోరెత్తడు. ఎత్తాల్సినప్పుడల్లా గొడ్ల చావిట్లోకి పోయి ఎత్తుతాడు. ఆ రోజు కూడా సారును గేదెను చూపిస్తానని చావిట్లోకి తీసుకెళ్ళి, దాని వీపు మీద కాగితం పెట్టి సంతకం చేశాడు. మా ఇన్సూరెన్సుకు సాక్షి ఆ గేదె.

వాగు వచ్చింది వినాయకుడి పందిళ్ళ రోజుల్లో. ఆ ఏడు మేం బొమ్మను మోసుకెళ్ళి నిమజ్జనం చేసే పని తప్పింది, వాగే వచ్చి ఆయన్ను పందిట్లోంచి తీసుకెళ్ళింది. ఉండ్రాళ్ళతో సహా. పొద్దున అన్నాల వేళకు నీళ్ళు మా అరుగు అంచును తాకాయి. మా అత్త మంచం మీద కూర్చుని, "అరుగు ఎక్కదు లే" అంది. అరుగు ఎక్కింది. "గడప దాటదు లే" అంది. గడప దాటింది. చివరికి మా ఆయనా ఎదురింటాయనా కలిసి ఆమెను మంచంతో సహా ఎత్తారు. ఎదురింటాయన మా ఆయనకు బావ వరస. మెరక మీదికి మోసుకెళ్తుంటే ఆమె మంచం మీద నిటారుగా కూర్చుని దారి పొడవునా అదే మాట. "దింపండిరా, ఊళ్ళో చూస్తే ఏమనుకుంటారు. మోకాలి దాకా గూడా లేవు నీళ్ళు." మోస్తున్న ఇద్దరూ అప్పటికి నడుము దాకా మునిగి ఉన్నారు.

మర గదిలో అప్పుడే ఆడించిన కారం బస్తా ఉంది. రంగు నిలవాలని నూనె కలిపి ఆడించిన కారం. పక్కనే మరకు పోసే ఆయిలు డబ్బా. రెండూ నీళ్ళలో పడి, మా ఇల్లంతా ఎర్రటి పులుసై కూర్చుంది. సామాన్లు తీయడానికి దిగినవాళ్ళు కాళ్ళు మండి గంతులేశారు. మెరక మీది నుంచి చూసినవాళ్ళు మేం నీళ్ళలో డాన్సులు చేస్తున్నామనుకున్నారు. వాగులో చేపలకు ఇక ఉప్పు ఒక్కటే తక్కువ. మధ్యాహ్నానికి రెండు పార్టీల నాయకులూ పరామర్శకు వచ్చారు. ఒకాయన ఫోటో కోసం పంచె ఎగ్గట్టి మా గుమ్మం దాకా దిగాడు. దిగినంత నిదానంగా ఎక్కలేదు పాపం. ఒక నాయకుడు అంత వేగంగా వెనక్కి తగ్గడం మా ఊరు అంతకు ముందు చూడలేదు. తీరా ఆ ఫోటోలో ఆయన మొహం ఒక్కటే వచ్చింది, నీళ్ళు రాలేదు. మా ఆయన ఫోను ప్యాంటు జేబులోనే మునిగి చచ్చింది. ఊళ్ళో కుర్రాళ్ళు తీసిన వీడియోలన్నీ వాగు దాటే చప్టా దగ్గర తీసినవే. వాటిలో వాగు తక్కువ, కుర్రాళ్ళు ఎక్కువ.

మర్నాడు నీళ్ళు తీసి, బురద మిగిలింది. ఇన్సూరెన్సు తరఫున నష్టం చూసి రాసే సర్వేయరు నరసరావుపేట నుంచి వస్తున్నట్టు ఎదురింటి బావ ఫోనుకు కబురొచ్చింది. మా ఆయన వచ్చి తల్లికి చెప్పాడు.

"అమ్మా, సర్వేయరు సారు ఎల్లుండి వస్తాడంట, మర చూడ్డానికి. అప్పటిదాకా ఏదీ కడగొద్దు, కదపొద్దు అని చెప్పాడు."

"కడగొద్దని ఆయనే అన్నాడా?"

"ఆయనే అన్నాడు."

"మర్యాద తెలిసిన మనిషిరా." మా అత్త మొహం వెలిగిపోయింది. "మా కోసం శ్రమపడొద్దు అంటన్నాడు. ఇంటికొచ్చేవాళ్ళు అట్టానే అంటారు. అన్నారని మనం బురదలో కూర్చుంటామా ఏంది? ఏమే, చీపురు తీసుకురా."

మా ఆయన గొడ్ల చావిట్లోకి పోయాడు. నేను చీపురు తెచ్చాను. కడగొద్దంటే నిజంగానే కడగొద్దని అర్థం అయ్యుండొచ్చని ఆమెకు తట్టలేదు. నాకు తట్టింది గానీ, ఇంటికొచ్చే మనిషికి బురద చూపించమని ఆమెతో అనడానికి నోరు రాలేదు. మా ఇళ్ళల్లో దొంగ వస్తున్నాడని ముందే కబురు తెలిస్తే, వాకిలి ఊడ్చి ముగ్గేసి ఆ తర్వాత అరుస్తాం.

మర గది ముందు కడిగాం. నేల తేలిక. గోడ దగ్గర వచ్చింది తంటా. నీళ్ళు నిలబడిన ఎత్తున గది చుట్టూ ఎర్రటి గీత పడింది, నూనె, కారం కలిసి గోడలోకి ఇంకిపోయిన గీత. పీచుతో రుద్దితే కదల్లేదు. మా అత్త పిడుగురాళ్ళ నుంచి సున్నం తెప్పించి, చిక్కగా కలిపి, తనే కుంచె పట్టి కొట్టింది. కొట్టిన ఘడియకు గోడ పాలలా తెల్లబడింది. ఆమె నడుం మీద చెయ్యి పెట్టుకుని మురిసింది. సున్నం ఆరుతున్న కొద్దీ నూనె మెల్లగా పైకి తేలి, సాయంత్రానికి గీత మళ్ళీ కనబడింది.

మర్నాడు ఇంకో పూత వేసింది. ఆరింది, గీత వచ్చింది. ఆమె సున్నం అమ్మినవాణ్ణి తిట్టింది, కుంచెను తిట్టింది, ఆఖరికి నన్ను తిట్టింది. "ఏమే, నీళ్ళు ఎక్కువ పోసినట్టున్నావు." నీళ్ళు ఎక్కువ పోసింది వాగు అని నేను అనలేదు. సర్వేయరు వచ్చే రోజు పొద్దున్నే మూడో పూత వేసి, అది తెల్లగా మెరుస్తుండగానే వాకిట్లో ముగ్గు పెట్టింది. గడపకు పసుపు రాసింది. గుమ్మానికి మామిడాకులు కట్టించింది. మోటారును కిరసనాయిలు గుడ్డతో తుడిచి, బొట్టు పెట్టి, ఒక మల్లెపూల మూర చుట్టింది. మోటారు తలొంచుకుని పెళ్ళిచూపులకు కూర్చున్న పిల్లలా ఉంది. తిరగదు అన్న ఒక్క లోపం తప్ప.

సర్వేయరు మోటారు సైకిలు మీద వచ్చాడు. సన్నటి మనిషి, పెద్ద హెల్మెట్టు, సంచిలో టేపు. వాకిట్లో ఆగి ముగ్గును చూశాడు, మామిడాకులు చూశాడు.

"ఇంట్లో శుభకార్యం ఉన్నట్టుంది. నాకు వరద వచ్చిన ఇల్లు చూపిస్తారా?"

"ఇదే సార్" అన్నాడు మా ఆయన.

సర్వేయరు చెప్పులు విప్పి, ముగ్గు తొక్కకుండా పక్కనుంచి లోపలికి వచ్చాడు. తెల్లటి గోడలు చూశాడు. మల్లెపూలు పెట్టుకున్న మోటారును చూశాడు. ఆయన ముఖంలో నిరాశ లేదు, కోపం లేదు. మా వైపు ఇలాంటి ఇళ్ళు ఆయన చాలా చూసి ఉంటాడు.

"కడగొద్దని చెప్పాను కదండీ."

"నువ్వు చెబుతావు నాయనా, నీ మంచితనం" అంది మా అత్త.

ఆయన సంచిలోంచి టేపు తీశాడు. "సరే. నీళ్ళు ఎంతదాకా వచ్చాయి?"

అప్పటికే లోపలికి వచ్చి నిలబడ్డ ఎదురింటి బావ చెయ్యెత్తి తన తలకు జానెడు పైన చూపించాడు. "ఈడ దాకా సార్. నేను ఈదుకుంటా వచ్చి అత్తని కాపాడా." ఆయనకు ఈత రాదని ఊరంతటికీ తెలుసు. మా ఆయన తల్లి వైపు చూశాడు.

"మోకాలి దాకా" అంది మా అత్త. "అదీ ఈ మూల. ఆ మూల అదీ లేదు."

సర్వేయరు దిమ్మె పక్కన గొంతుక్కూర్చుని టేపు పెట్టి చూశాడు. "అమ్మా, ఈ దిమ్మె మోకాలెత్తు ఉంది. మోటారు దాని మీద ఉంది. నీళ్ళు మోకాలి దాకానే వస్తే మోటారు మునగలేదు. మునగని మోటారుకు నేను ఏమని రాయాలి? వైరింగు లోపం వల్ల కాలిందనుకుంటారు. దానికి ఈ పాలసీలో పైసా రాదు."

మా ఆయన గోడవైపు తిరిగి దగ్గాడు. ఆ దగ్గు నాకు తెలుసు. అది ఛాతీలోంచి వచ్చిన దగ్గు కాదు, క్వారీ లారీ కళ్ళముందు కనపడితే వచ్చే దగ్గు.

"తలెత్తు సార్, తలెత్తు" అన్నాడు బావ.

"నువ్వు నోరు మూసుకోరా. నా ఇంట్లోకి వచ్చిన నీళ్ళు నాకు తెలవవా" అంది మా అత్త.

నడుము దాకా వచ్చాయని నేను ఎందుకు చెప్పలేదని మీరు అడగొచ్చు. పరాయి మనిషి ముందు అత్త మాట కాదనడం మా ఇళ్ళల్లో లేదు. ఒకవేళ కాదన్నాననుకోండి, ఆమె ఇంకా దిగి చీలమండ దాకా అనేది. ఇంకొక్క మాటంటే వానే పడలేదనేది. ఆమె సంగతి నాకు తెలుసు. అందుకని నేను నోటి జోలికి పోకుండా గోడ వైపు చూశాను. తలుపు పక్కన, గాలి బాగా తగిలే చోట, సున్నం కింద నుంచి గులాబీ రంగు చార ఒకటి సన్నగా లేస్తోంది. మిగతా గోడ ఇంకా తడిగానే ఉంది.

సర్వేయరు టేపు చుట్టి సంచిలో వేసుకున్నాడు. "ఇంకా రెండు ఊళ్ళు చూడాలి, నేను వెళ్తాను."

"ఎండన పడి వచ్చారు, మజ్జిగ తాగండి" అన్నాను.

"మజ్జిగేందే, అన్నం పెట్టు" అంది మా అత్త. "గడప దాకా వచ్చిన మనిషి ఖాళీ కడుపుతో పోతే ఇంటికి మంచిదా?"

"వద్దమ్మా. మేం ఎవరింట్లోనూ తినకూడదు. రూలు."

"రూలుని ఎవురు తినమన్నారు? అన్నం తిను." ఆమె ఆయన హెల్మెట్టు తీసుకెళ్ళి లోపల బియ్యం డబ్బా మీద పెట్టి, ఆ డబ్బా పక్కనే నిలబడింది. పల్నాటిలో చుట్టాన్ని ఆపే పద్ధతి ఇదే. హెల్మెట్టు లేకుండా ఆయన రోడ్డెక్కలేడు, అదీ రూలే.

నేను వంటింట్లోకి వెళ్ళి, వండి దించిన అన్నం గిన్నె అటక కిందికి నెట్టేసి, మళ్ళీ కొత్తగా ఎసరు పెట్టాను. ఎసరు కాగడం నా చేతిలో లేదు కదా. పప్పు మళ్ళీ తాలింపు వేశాను. గోంగూర ఉన్నా ఇంకోసారి రోట్లో తిప్పాను. మజ్జిగ మిరపకాయలు ఒకటొకటిగా వేయించాను. మధ్యలో ఎవరో వచ్చి తొంగి చూశారు. మా ఆయన.

"ఏం చేస్తన్నావే ఇంతసేపు? సారు గడియారం చూసుకుంటన్నాడు."

"గోడ ఆరనీ" అన్నాను.

ఆయన ఒక్క క్షణం నన్ను చూసి, చావిట్లోకి పోకుండా నేరుగా మర గదిలోకి పోయి, సారు కోసం పెట్టిన ఫ్యానును గోడ వైపు తిప్పాడు. పెళ్ళయి ఇన్నేళ్ళలో ఆయనకు నా మాట ఒక్కసారికే అర్థమైంది ఆ రోజే.

లోపలి గదులు ఇంకా తడిగా ఉన్నాయి కాబట్టి విస్తరి మర గదిలోనే వేశాను. పీట సరిగ్గా పెద్ద గోడకు ఎదురుగా వేశాను. సర్వేయరు మొదట మొహమాటంగా తిన్నాడు. గోంగూర తగిలాక మొహమాటం పోయింది. మా అత్త పక్కన నిలబడి నెయ్యి వేస్తూ మామగారు అరుగు ఎలా కట్టించాడో, రాళ్ళు ఎక్కడి నుంచి తెచ్చాడో చెబుతోంది. చెబుతూ చెబుతూ ఆయన చూపు ఎక్కడ నిలిచిందో గమనించి వెనక్కి తిరిగింది.

గీత వచ్చేసింది. మూల నుంచి మూలకు, దారం పట్టి గీసినట్టు, ఎర్రగా.

మా అత్త నెయ్యి గిన్నె పట్టుకునే రెండడుగులు వెనక్కి వేసి, గోడకు వీపు ఆనించి నిలబడింది. గీత మొత్తాన్ని దాచేటంత వెడల్పు ఆమె లేదు. అటూ ఇటూ గీత బయటికి వచ్చి, సరిగ్గా ఆమె నడుముకు వడ్డాణం పెట్టినట్టు ఉంది.

"ఆ గీత ఏందమ్మా?" అన్నాడు సర్వేయరు, ముద్ద చేతిలోనే ఉంచుకుని.

"ఏ గీత?"

"మీకు అటూ ఇటూ ఉన్నది."

"అదా. డిజైను. ఇప్పుడు పట్నాల్లో అందరూ ఏయిస్తన్నారంట గదా."

సర్వేయరు చెయ్యి కడుక్కుని టేపు తీశాడు. "ఒక్కసారి పక్కకు జరగండి."

"నాకు నడుం నొప్పి. జరగలేను."

అప్పుడు మా ఆయన, ఏనాడూ తల్లి ముందు గొంతు విప్పని మనిషి, నిదానంగా అన్నాడు.

"జరగమ్మా. నేను మళ్ళా క్వారీకి పోలేను."

మా అత్త కొడుకు మొహం చూసింది. తర్వాత నెయ్యి గిన్నె దిమ్మె మీద పెట్టి పక్కకు జరిగింది. ఆమె వీపున చీరంతా సున్నం. గోడ మీద ఆమె నిలబడ్డ చోట సున్నం ఊడి, అక్కడ గీత ఇంకా ఎర్రగా బయటపడింది.

"మీ నాయన మోకాలి దాకా వస్తదని చెప్పాడురా" అంది. "స్థలం కొన్ననాడే చెప్పాడు. ఏటేటా వానాకాలం కర్ర పట్టుకుపోయి వాగులో ముంచి చూసేవాడు. అందుకే దిమ్మె అంత ఎత్తు కట్టాడు. ఊళ్ళో అనొద్దు, నవ్వుతారన్నాడు. నేను అనలా." గీత వైపు చెయ్యి చూపించింది. "నడుం దాకా వస్తదని మాత్రం నాతో చెప్పలా ఆయన."

అప్పటికి గానీ నాకు అర్థం కాలేదు. ఆమె అందరితో గొడవ పడి నిలబెట్టిన మోకాలు అబద్ధం కాదు. మొగుడు ఇచ్చిన కొలత.

"నవ్వం లే అత్తా" అన్నాడు ఎదురింటి బావ. తన తల వైపు చూపిస్తూ, "నేను చెప్పిందానికంటే చానా తక్కువే గదా" అన్నాడు.

సర్వేయరు నేల నుంచి గీత దాకా కొలిచాడు. మోటారు మీద దాకా కొలిచాడు. నాలుగు గోడలూ తిరిగి ఫోటోలు తీసుకున్నాడు. అనుమానం తీరక గీతను వేలితో రాసి చూశాడు. చూసి, నుదుటి మీది చెమట కంట్లో పడుతుంటే అదే వేలితో తుడుచుకున్నాడు. ఇక ఆ తర్వాత ఆయనకు ఏ రుజువూ అడిగే అవసరం రాలేదు. నేను చెంబుతో నీళ్ళు పోస్తుంటే, కన్ను మూసుకునే అడిగాడు.

"ఇది కారమా?"

"పచ్చళ్ళ కారం నాయనా" అంది మా అత్త. ఆ కాస్త గర్వం ఆమెకు ఎక్కడి నుంచి తిరిగొచ్చిందో తెలియదు. "నూనె కలిపి ఆడించింది. రంగు పోదు."

వెళ్ళే ముందు ఆయన ఎర్రటి కన్నుతోనే మాకు మంచి చెప్పాడు. ఈసారి వాగొస్తే, పోగానే ముందు ఫోటోలు తీయండి, ఆ తర్వాత చీపురు పట్టండి. బ్యాంకువాళ్ళు నీళ్ళు వస్తాయా అని అడిగితే ఉన్నది ఉన్నట్టు చెప్పండి, తక్కువ చెప్పినా ఎక్కువ చెప్పినా చివరికి నష్టం మీకే. ఎక్కువ అన్నప్పుడు బావ వైపు చూశాడు. మోటారు ఆ గీతకు పైన పెట్టుకోండి. ఇంతే. ఇంకా రెండు ఊళ్ళలో ఇంకెన్ని ముగ్గులు దాటాలో అనుకుంటూ వెళ్ళి ఉంటాడు.

డబ్బు వచ్చింది. అడిగినంత రాలేదు, అడిగిన రోజుకు రాలేదు, కానీ మోటారుకు సరిపోయింది. మునిగిన కారం బస్తాకు రాలేదు, అది వేరేవాళ్ళ సరుకు. వాళ్ళకు మేమే మిరపకాయలు కొని, కొత్త మోటారు మీద ఆడించి ఇచ్చాం. దిమ్మెను మా అత్త భుజం ఎత్తున కట్టించాం. ఇప్పుడు మరాడించుకోవడానికి వచ్చే ఆడవాళ్ళంతా బస్తా పైకెత్తలేక మమ్మల్ని తిడతారు. "ఇది మరా, మేడా?" అంటారు. మా అత్త పీట మీద కూర్చుని, "వాగుని అడగండే" అంటుంది.

మా ఆయన ఇంకా దగ్గుతాడు, కానీ ఇప్పుడు అది కారం దగ్గు. తుమ్మితే పోతుంది.

ఏటా బ్యాంకు సారు పాలసీ కట్టమని గుర్తు చేయడానికి వస్తాడు. నీళ్ళు వస్తాయా అని ఆయన అడగకముందే మా అత్త చెబుతుంది. "నడుం దాకా. రాసుకో." తర్వాత, "ఈ ఏడు తడవలేదు, నా చారెడు నాకిస్తారా?" అని అడుగుతుంది. ఇవ్వరని ఆయన అంటాడు. ఆమె గొణుగుతూనే కట్టిస్తుంది, గొడ్ల చావిట్లో కాదు, నడి వాకిట్లో. పండగలకు గోడలకు సున్నం కొట్టడం మాత్రం మానలేదు. గీతకు పైన కొడుతుంది, గీతకు కింద కొడుతుంది, గీతను వదిలేస్తుంది. ఎందుకొదిలేశావు అత్తమ్మా అని అడిగితే, "మీ మామ చెప్పకుండా దాచింది అదొక్కటేనే. దాన్ని మళ్ళా నేను దాచడం ఎందుకు" అంది. వాన ముసురు పట్టి, అవతల కృష్ణ నిండుగా ఉందని తెలిస్తే ఎదురింటి బావ తన మెరక మీది నుంచే ఫోను చేస్తాడు, నీళ్ళు ఎంతదాకా వచ్చాయి అని. మా అత్త గుమ్మంలో నిలబడి చూసి చెబుతుంది. ఇప్పుడు ఒక వేలు ఎక్కువే చెబుతుంది.

ఇదీ సంగతి. లేవకండి, పీట జాగ్రత్త. ఇంత ఘాటులో కూర్చుని విన్నారు, మీ ఇల్లు చల్లగా ఉండాలి. మీ ఊరి వాగుకు మీ గడప గుర్తు ఉండకూడదు, కృష్ణకు పోయే దారి మాత్రం ఎప్పుడూ గుర్తుండాలి. మీ గోడల సున్నం తెల్లగా ఆరాలి. మీ ఇంటి మగవాళ్ళ ఛాతీలో దుమ్ము కాపురం పెట్టకూడదు. మీరు వరద కోసం ఏటా కట్టే చారెడు కారం ఏటా దండగే అయిపోవాలి, నూరేళ్ళు వరసగా.